బెదిరించే పక్షి, మాటిచ్చే పక్షి

శాసనాల కాలంలో 'లాంఛనం' అంటే గుర్తు. రాజు జెండా మీదో, రాగిరేకుల ముద్ర మీదో, నాణెం మీదో ఉండే బొమ్మ. వేంగి చాళుక్యులది వరాహలాంఛనం. ఇవాళ అదే మాట పెళ్లి మాటల్లో కట్నం పక్కన కూర్చుంది. పేపర్లో 'లాంఛనంగా ప్రారంభించారు' అని కనిపిస్తే, అసలు పని ఎప్పుడో మొదలైందనీ, రిబ్బన్ మాత్రం ఇప్పుడు కత్తిరించారనీ మనకు తెలిసిపోతుంది. ఒకప్పటి గుర్తు ఇప్పటికి తంతుగా మిగిలింది. రాజముద్రల మీది పక్షుల గురించి రాయాలనుకుంటే తెలుగులో ఇంతకన్నా మంచి మాట దొరకదు. ఆ పక్షులకు జరిగింది కూడా ఇదే.

ముద్రల మీది పక్షులకు ఇంటర్నెట్‌లో రెడీమేడ్ పట్టికలు చాలా ఉన్నాయి. గద్ద అంటే శౌర్యం, కోడిపుంజు అంటే మెలకువ, కొంగ అంటే కాపలా, నెమలి అంటే వైభవం. ఆ పట్టిక పట్టుకుని ముద్రను చదివితే, కవితలో చందమామ కనబడగానే 'ప్రియురాలి ముఖం' అని మార్జిన్‌లో రాసుకునే ఇంటర్ గైడు చదువు అవుతుంది. నేనడిగే ప్రశ్న వేరు. ఈ పక్షిని ఇక్కడ ఎవరు కూర్చోబెట్టారు? దాని వల్ల ఎవరు ఎవరికి బాకీ పడ్డారు? ఈ ప్రశ్నతో చూస్తే ముద్రల మీది పక్షులన్నీ రెండు గుంపులుగా విడిపోతాయి. ఒక గుంపు బెదిరిస్తుంది. ఇంకో గుంపు మాటిస్తుంది.

*

బెదిరించే గుంపుకు పెద్ద గండభేరుండం. రెండు తలలు, ఒకటే ఒళ్లు. విజయనగరాన్ని 1529 నుంచి 1542 వరకు ఏలిన అచ్యుతదేవరాయల బంగారు నాణేల మీద ఈ పక్షి ఉంటుంది. ముక్కుల్లో ఏనుగులు, కాళ్ల గోళ్లలో ఏనుగులు. నాణెం చూస్తే చిటికెన వేలి గోరు కన్నా కాస్త పెద్దది. అంత చోటులో ఒక పక్షి ఏనుగుల మందను వేటాడుతుంటుంది. శాసనాల భాషలో 'గండ' అంటే వీరుడు, మొనగాడు. అల్లసాని పెద్దన కాలికి రాయలు తొడిగాడని చెప్పుకునే గండపెండేరంలోని గండ కూడా ఇదే. రాజుల బిరుదుల్లో ఏనుగు అంటే శత్రువు, సింహం అంటే ఆ శత్రువును చంపేవాడు. గండభేరుండం ఆ సింహాన్ని కూడా దాటిపోయింది.

ఎంత దాటిపోయిందో బేలూరు చెన్నకేశవ ఆలయంలో ఒక శిల్పం చెబుతుంది. జింకను కొండచిలువ మింగుతుంటుంది. కొండచిలువను ఏనుగు, ఏనుగును సింహం, సింహాన్ని శరభం పట్టుకుంటాయి. శరభాన్ని గండభేరుండం పట్టుకుంటుంది. పక్కన ఒక ముని నిలబడి నోరు తెరుచుకుని చూస్తుంటాడు. ఇది చూసినప్పుడల్లా నాకు ఆఫీసులో ప్రెజెంటేషన్లు గుర్తొస్తాయి. అవతలి కంపెనీకి ఒక ఫీచర్ ఉంటే మనకు రెండు ఉండాలి. వాళ్లకు సింహం ఉంటే మనకు శరభం కావాలి. నిజం జంతువులతో ఈ పోటీ ఎక్కువసేపు నడవదు, ఎందుకంటే అడవిలో ఏనుగును మించిన ఒళ్లు లేదు. అందుకని లేని జంతువును పుట్టించాలి. గండభేరుండం అలా పుట్టింది. అధికారానికి ప్రకృతిలో సరిపోయిన బొమ్మ దొరకనప్పుడు చేయించుకున్న బొమ్మ అది.

ఈ పక్షి ఎప్పటికీ ఓడిపోదు, దాని బలమంతా అక్కడే ఉంది. దానికి గూడు అక్కర్లేదు, తిండి అక్కర్లేదు, రోగం రాదు. సామ్రాజ్యం పోయినా అది పోలేదు. మైసూరు వొడెయార్ల చేతికొచ్చింది, అక్కణ్నుంచి కర్ణాటక రాష్ట్రముద్రలోకి వచ్చింది. బెంగళూరులో పనిచేసే మన తెలుగు టెకీలు ఆ ఊరి కేఎస్ఆర్టీసీ బస్సుల మీద రోజూ దాన్ని చూస్తూనే ఉంటారు. ఏనుగుల్ని ముక్కున కరుచుకున్న పక్షి ఇప్పుడు సీటు కోసం తోసుకునే జనాన్ని మోస్తోంది. దాన్ని చూసి ఎవరూ భయపడరు. కానీ ఎవరూ దాన్ని లెక్క కూడా అడగలేరు. లేని పక్షి బాగోగులకు ఎవరు పూచీ?

*

గరుడుడి కథలో బెదిరింపు కన్నా నౌకరీ ఎక్కువ. గరుడుడు విష్ణువు వాహనం. గరుడధ్వజం ఎత్తిన రాజు 'నేను ఆయన మనిషిని' అని చెప్పుకుంటున్నట్టు లెక్క. గుప్తుల బంగారు నాణేల మీద గరుడధ్వజం ఉంది, రాష్ట్రకూటుల ముద్ర మీద గరుడుడున్నాడు. తెలంగాణ చరిత్రకు ఇది దగ్గరి సంగతి. కాకతీయులకు గరుడ చిహ్నం ఉండటాన్ని పి.వి. పరబ్రహ్మశాస్త్రి వాళ్లు మొదట్లో రాష్ట్రకూటుల కొలువులో ఉన్నారనడానికి ఒక ఆనవాలుగా చూశారు. తర్వాత కల్యాణి చాళుక్యుల కింద సామంతులయ్యారు, గుర్తుగా వరాహం వచ్చింది. స్వతంత్రులయ్యాక కూడా ఆ వరాహాన్ని వదల్లేదు.

కంపెనీ మారితే మెడలో ట్యాగ్ మారుతుంది. సొంత కంపెనీ పెట్టుకున్నాక కూడా పాత కంపెనీ టీషర్ట్ వేసుకు తిరిగేవాళ్లను నేను చూశాను. రాజముద్రలు కూడా ఇంతేనని తెలిస్తే 'గరుడుడు అంటే వేగం, విధేయత' లాంటి పట్టిక అర్థాలు ఎంత పలచనివో తెలుస్తుంది. అక్కడ పక్షి స్వభావం ఎవరికీ అవసరం లేదు. పైవాడెవరు, కిందివాడెవరు అన్నదే సంగతి.

వరంగల్ కోటలో కాకతీయుల కీర్తితోరణాలు నాలుగు దిక్కులా నిలబడి ఉన్నాయి. వాటి పైన హంసలు చెక్కి ఉంటాయి. హంసతోరణం అనే పేరు కూడా అందుకే. 2014లో ఏలె లక్ష్మణ్ గీసిన తెలంగాణ రాజముద్రలో ఆ తోరణం ఉంది, దాని లోపల చార్మినార్ ఉంది. సర్టిఫికెట్ మూలన అచ్చయ్యేంత చిన్న సైజులో ఆ హంసల్ని పోల్చుకోవడం కష్టం. 2024 మేలో ముద్ర మారుస్తారన్న వార్త రాగానే తోరణం తీసేస్తారా, చార్మినార్ తీసేస్తారా అని రాష్ట్రమంతా మాట్లాడుకుంది. జూన్ 2న కొత్త ముద్ర విడుదల కాలేదు, వాయిదా పడింది. ఆ గొడవంతటిలో తోరణం మీది హంసల ఊసు మాత్రం నాకెక్కడా కనబడలేదు. మనం ముద్రను కట్టడంగా చూస్తాం, వాక్యంగా చదవం.

*

ముద్రను వాక్యంగా చదవడానికి యూరప్ వాళ్ల హెరాల్డ్రీ దగ్గర ఒక మంచి పద్ధతి ఉంది. పన్నెండో శతాబ్దంలో డాళ్ల మీద గుర్తులు వేసుకోవడంతో మొదలైన ఈ విద్యలో బొమ్మ కన్నా మాట ముఖ్యం. ఫలానా రంగు నేల మీద ఫలానా రంగు గద్ద, రెక్కలు విప్పి ఉన్నది అని ఒక వర్ణన ఉంటుంది. దాన్ని బ్లేజన్ అంటారు. ఆ వర్ణన తప్పకుండా ఏ చిత్రకారుడు ఎలా గీసినా అది అదే ముద్ర. మా వాళ్ల భాషలో చెప్పాలంటే బ్లేజన్ స్పెసిఫికేషన్, బొమ్మ ఇంప్లిమెంటేషన్. కాబట్టి హెరాల్డ్రీలో పక్షి మొదట ఒక మాట, ఆ తర్వాతే రెక్కలూ ముక్కూ.

మాట కాబట్టే దానితో శ్లేష ఆడొచ్చు. ఇంగ్లండ్‌లో కార్బెట్ అనే వంశం డాలు మీద మాలకాకి ఉంటుంది. ఫ్రెంచిలో ఆ కాకి పేరుకూ వంశం పేరుకూ పోలిక ఉండటమే కారణం. మాలకాకికి దూరదృష్టి, మృత్యువు వగైరా ఎన్ని అర్థాలైనా చెప్పొచ్చు, అక్కడ జరిగింది మాత్రం మాటల ఆట. బొబ్బిలి పేరు చెప్పగానే పెబ్బులి గుర్తొచ్చే మనకు ఇదేమీ వింత కాదు.

మాట కాబట్టే దానితో అబద్ధమూ ఆడొచ్చు. పెలికన్ తన రొమ్ము తానే పొడుచుకుని పిల్లలకు నెత్తురు తాగిస్తుందని యూరప్ నమ్మింది. ఏ గూడబాతూ అలా చేయదు. అయినా ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జి రెంటిలోనూ ఉన్న కార్పస్ క్రిస్టి కాలేజీల ముద్రల మీద ఆ తల్లిపక్షి ఇప్పటికీ నెత్తురు కారుస్తూనే ఉంది.

నాకు అన్నిటికన్నా నచ్చినది మార్ట్‌లెట్. చూడ్డానికి వానకోయిల లాంటి చిన్న పిట్ట, కాళ్లు ఉండవు. ఇంగ్లీషు సంప్రదాయంలో నాలుగో కొడుకు డాలు మీద దీన్ని వేస్తారు. ఆస్తి పెద్దవాడికి పోతుంది, నాలుగోవాడికి కాలు మోపడానికి నేల ఉండదు, రెక్కల కష్టం మీద బతకాలి అని దీనికి చెప్పే వ్యాఖ్యానం. రెక్కల కష్టం అన్న మాట మన తెలుగులో ఎంత చక్కగా అతికిందో చూడండి. గోదావరిఖనిలో పెరిగిన వాణ్ణి కాబట్టి ఇది చదవగానే నాకు వారసత్వ ఉద్యోగం గుర్తొచ్చింది. బొగ్గుబాయి కార్మికుడు అన్‌ఫిట్ అయితే ఇంట్లో ఒక్కరికే కొలువు. మిగిలిన కొడుకులు హైదరాబాదో, దుబాయో, ఎస్ఏపీ కోర్సో. మా కాలనీల్లో ఇంటికి కనీసం ఒక మార్ట్‌లెట్ ఉంటాడు.

మార్ట్‌లెట్ ఎందుకు నచ్చిందంటే, యజమాని గొప్పని వదిలేసి అతని లోటును చెప్పే పక్షి అదొక్కటే. ఈ అరుదైన గుణం మన దేశానికి చేరలేదు. 1877 జనవరి 1న ఢిల్లీలో లిట్టన్ ప్రభువు దర్బారు పెట్టి, విక్టోరియాను చక్రవర్తినిగా ప్రకటించి, సంస్థానాధీశులకు జెండాలు పంచాడు. బెంగాల్ సివిల్ సర్వీసులో పనిచేసే రాబర్ట్ టేలర్ వాటికి యూరప్ పద్ధతిలో ముద్రలు గీశాడు. హైదరాబాద్ నిజాం మహబూబ్ అలీ ఖాన్ అప్పటికి పదేళ్ల పిల్లవాడు, ఆయన కూడా హాజరయ్యాడు. వందల ఏళ్ల లాంఛనాలున్న వంశాలకు ఒక ఆఫీసరు కూర్చుని కొత్త లాంఛనాలు రాసిచ్చాడు. ఎవరు ఏ పక్షిని ఎత్తుకోవాలో పైవాడు చెప్పడం మళ్లీ అక్కడ కనబడుతుంది.

*

ఇప్పుడు మాటిచ్చే పక్షి సంగతి.

2014 నవంబరులో తెలంగాణ ప్రభుత్వం పాలపిట్టను రాష్ట్రపక్షిగా, జింకను జంతువుగా, జమ్మిని చెట్టుగా, తంగేడును పువ్వుగా ప్రకటించింది. నాలుగింటిలో మూడు పండుగల నుంచి వచ్చాయి. తంగేడు లేకుండా బతుకమ్మ లేదు. జమ్మి, పాలపిట్ట లేకుండా దసరా లేదు. పాలపిట్ట ఉమ్మడి రాష్ట్రానికీ పక్షే. పక్కన కర్ణాటకకు, ఒడిశాకు కూడా అదే. విడిపోయిన రాష్ట్రం ఉమ్మడి గుర్తును వదిలేయకుండా తన దగ్గరే పెట్టుకోవడం ఆలోచించాల్సిన సంగతి. 2018లో ఆంధ్రప్రదేశ్ రామచిలుకను ఎంచుకుంది. మరి తెలంగాణ పాలపిట్టను ఎందుకు ఉంచుకుంది? దసరా నాడు ఊరి బయటికి పోయి, పాలపిట్టను చూసి, జమ్మి ఆకు బంగారం అని పంచుకుని, అలయ్ బలయ్ ఇచ్చుకునే అలవాటు ఇక్కడ బలంగా ఉంది. పాలపిట్టను చూస్తే గెలుపు అని నమ్మకం. రాష్ట్రం గెలుచుకున్న ఏడాది అది. అంతకన్నా తగిన పక్షి ఉండదు. రాష్ట్రం రాకముందే హైదరాబాద్‌లో ఒక సాహిత్య మాసపత్రిక ఈ పేరు పెట్టుకుంది, వచ్చాక కొండాపూర్‌లో ఒక సైక్లింగ్ పార్కు పెట్టుకుంది.

గండభేరుండానికీ పాలపిట్టకూ ఉన్న తేడా ఇక్కడే. పాలపిట్ట ఉంది. కరెంటు తీగ మీద కూర్చుంటుంది. మిడతల్ని, పేడపురుగుల్ని పట్టుకు తింటుంది. కూర్చున్నప్పుడు కాస్త మట్టిరంగు, కాస్త ఊదా, చప్పగానే ఉంటుంది. ఎగిరినప్పుడే రెక్కల్లోని నీలం భగ్గుమంటుంది. ఆ నీలం రంగుపదార్థం వల్ల వచ్చింది కాదు, ఈక నిర్మాణంలో వెలుగు చెదరడం వల్ల వచ్చేది. నీడలో ఈకను పట్టుకుని చూస్తే ఆ మెరుపు ఉండదు. సాధారణ జ్ఞానం పుస్తకాల్లో, ప్రభుత్వ పోస్టర్ల మీద దీన్ని కొమ్మ మీద కూర్చోబెట్టి చూపిస్తారు. దాని అందమంతా ఎగరడంలో ఉంటే మనకు చేరేది కూర్చున్న బొమ్మ. బ్లేజన్ రాసే హెరాల్డు ఎవరైనా ఉంటే మొదటి వాక్యంలోనే 'రెక్కలు విప్పి ఉన్నది' అని రాసేవాడు.

ఉన్న పక్షిని గుర్తుగా పెట్టుకోవడం అంటే ప్రభుత్వం తెలిసో తెలియకో ఒక మాటిచ్చినట్టు. గండభేరుండం అంతరించదు, పాలపిట్ట అంతరించగలదు. అది తగ్గిపోతే గుర్తు పెట్టుకున్నవాడి పరువు తగ్గుతుంది. దేశమంతా పక్షులు చూసేవాళ్లు నమోదు చేసిన వివరాలతో తయారైన 'స్టేట్ ఆఫ్ ఇండియాస్ బర్డ్స్' 2023 నివేదిక ప్రకారం పాలపిట్టలు దీర్ఘకాలంలో 30 శాతానికి పైగా తగ్గాయి. అంతర్జాతీయ జాబితాలో దాని స్థాయిని మళ్లీ సమీక్షించాలని కూడా ఆ నివేదిక అడిగింది. మూడు రాష్ట్రాలు తమ పక్షి అని చెప్పుకునే పిట్ట కథ ఇది.

మాట తప్పడం ఒక్క ప్రభుత్వం పనే అనుకోవడం సులువు. దసరా వస్తే పాలపిట్టల్ని పట్టి, రెక్కలు కట్టి, బుట్టలో పెట్టి వీధివీధి తిప్పి, చూసినందుకు డబ్బులు తీసుకోవడం హైదరాబాద్‌లో చాలాకాలంగా ఉంది. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అది నేరం. పట్టేవాడిని తిట్టి ఊరుకోలేం. ఊరి బయటికి పోయే ఓపిక మనకు లేదు, గెలుపు మాత్రం గుమ్మం ముందుకే రావాలి. ఎగిరే పక్షిని వెతుక్కుంటూ పోవడం ఆచారంగా ఉన్నప్పుడు అందులో ఒక ప్రమాదం ఉండేది, పక్షి కనబడకపోవచ్చు. కట్టేసిన పక్షితో ఆ ప్రమాదం పోయింది, గెలుపు గ్యారంటీ అయింది. అంటే పాలపిట్టను మనమే గండభేరుండంగా మార్చుకున్నాం, ఎప్పుడూ ఓడని పక్షిగా.

రామచిలుకదీ ఇదే బాధ. పాలవేకరి కదిరీపతి 'శుకసప్తతి'లో చిలుక కథలు చెప్పి చెప్పి ఇల్లాలిని గడప దాటకుండా ఆపుతుంది. అంత మాటకారి చిలుకను మనం పంజరంలో పెట్టి జోస్యం చీటీలు తీయిస్తాం. ఎన్నికల సంఘానికి ఈ సంగతి ముందే అర్థమైనట్టుంది. పక్షులూ జంతువులూ గుర్తులుగా ఉంటే అభ్యర్థులు వాటిని ప్రాణాలతో ఊరేగించి హింసిస్తున్నారన్న అభ్యంతరాలు వచ్చాయి. దాంతో అలాంటి గుర్తులు కొత్తగా ఇవ్వడం మానేసింది. గుర్తు కావడం పక్షికి మంచిది కాదని ఒక ప్రభుత్వ సంస్థ ఒప్పుకున్న సందర్భం నాకు తెలిసి ఇదొక్కటే.

*

ఇక్కడ ఒక ఎదురు ప్రశ్న రావాలి. కవిత్వంలో పక్షిని కూడా ఇలాగే లెక్క అడుగుతామా? హంస పాలనూ నీళ్లనూ వేరు చేస్తుందంటారు. ఏ బాతూ అలా చేయదు. పింగళి సూరన 'ప్రభావతీప్రద్యుమ్నము'లో శుచిముఖి అనే హంస దౌత్యం నడుపుతుంది. అయ్యలరాజు నారాయణామాత్యుడి 'హంసవింశతి'లో హంస ఇరవై కథలు చెబుతుంది. ఇవన్నీ అబద్ధాలేనా? పెలికన్ నెత్తురును తప్పుబట్టినవాడు శుచిముఖిని ఎందుకు వదిలేయాలి?

వదిలేయాలి. కవి పక్షిని అరువు తెచ్చుకుంటాడు, కానీ దాని పేరు మీద ఆజ్ఞలు జారీ చేయడు. శుచిముఖి మాట నమ్మితే ప్రభావతి మనసు మారుతుంది. ముద్ర ఉన్న కాగితం నమ్మితే ఊరు ఖాళీ చేయాలి. కావ్యంలో పక్షికి కావ్యం బయట పని లేదు. ముద్ర పనంతా కాగితం బయటే. కాబట్టి ముద్ర మీది పక్షిని, రాష్ట్రం తనదని ప్రకటించుకున్న పక్షిని విమర్శకుడు రెండుసార్లు చదవాలి. ఒకసారి బొమ్మగా, ఇంకోసారి ఆ ప్రభుత్వం నేల మీద ఆ పక్షికి ఏం జరుగుతోందో చూసి. రెండు చదువులూ కలవకపోతే ఆ గుర్తు బాగాలేదని చెప్పే హక్కు విమర్శకుడికి ఉంది, దాని గీతలు ఎంత బాగున్నా సరే.

జాతీయపక్షి విషయంలో ఇలాంటి చదువు ఒకసారి జరగబోయి ఆగిపోయింది. 1963లో నెమలి జాతీయపక్షి అయింది. పక్షిశాస్త్రవేత్త సలీం అలీ మాత్రం బట్టమేక పిట్ట వైపు మాట్లాడాడు. నెమలికి అప్పటికే పురాణాల అండ ఉంది, సింహాసనాల అండ ఉంది. బట్టమేక పిట్టకు ఎవరి అండా లేదు, గడ్డినేలలతో పాటు అదీ తగ్గిపోతోంది. 1988లో మన రాయలసీమలో రోళ్లపాడు అభయారణ్యం పెట్టింది ముఖ్యంగా దాని కోసమే. అది జాతీయపక్షి అయి ఉంటే బతికి బట్టకట్టేదని నేను చెప్పలేను. ప్రతి ఏడాదీ ఎన్ని మిగిలాయో దేశానికి చెప్పాల్సి వచ్చేదని మాత్రం చెప్పగలను. గొప్ప కోసం ఒక పక్షిని, అవసరం కోసం ఒక పక్షిని పెట్టి ఎంచుకోమంటే మనం గొప్పనే ఎంచుకున్నాం.

*

బొగ్గుబాయి దగ్గరికి వస్తే ఈ లెక్క ఇంకా తేటగా కనబడుతుంది. పక్షికి ఇక్కడ నిజంగా ఒక డ్యూటీ ఉండేది. కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు లేదు, వాసన లేదు. భూమి లోపల బొగ్గు తనంతట తాను వేడెక్కి రాజుకున్నప్పుడు అది పుడుతుంది. మనిషికి తెలిసేసరికి ఆలస్యమైపోతుంది. పిట్ట ఊపిరి వేగం ఎక్కువ, ఒళ్లు చిన్నది, కాబట్టి ముందు అది పడిపోతుంది. స్కాట్లండ్ శాస్త్రవేత్త జె.ఎస్. హాల్డేన్ సలహాతో బ్రిటన్ గనుల్లో కానరీలు దిగాయి. 1986లో వాటిని పక్కనపెట్టాలని నిర్ణయించేదాకా పనిచేశాయి. మన మైనింగ్ పాఠ్యపుస్తకాల్లో కానరీ పక్కన మునియా పిట్ట పేరు కూడా ఉంటుంది. ఇప్పుడు ఆ పని మీటర్లు చేస్తున్నాయి.

ఆ పిట్టను ఏ రాజైనా డాలు మీద వేసుకున్నాడా? నాకు కనబడలేదు. ఏనుగును చంపే పక్షికి నాణెం దొరికింది. మనిషి కోసం చచ్చే పక్షికి ఒక సామెత దొరికింది, అదీ ఇంగ్లీషులో. నిజంగా పనిచేసిన పక్షి లాంఛనం కాలేకపోయింది. ఎందుకంటే అది యజమాని బలాన్ని చెప్పదు, అతని చోటు ఎంత ప్రమాదమో చెబుతుంది. గుర్తుల పెట్టెలో నిజానికి చోటు తక్కువ.

1889లో ఇల్లెందు దగ్గర మొదలైన తవ్వకం, 1920లో సింగరేణి కాలరీస్ అన్న పేరు తీసుకుని, గోదావరి ఒడ్డు వెంట రామగుండం దాకా వచ్చింది. ఇప్పుడు బొగ్గులో ఎక్కువ భాగం ఓపెన్‌కాస్టుల నుంచే వస్తోంది. బాయి దిగే రోజుల్లో నేల పైన చేను, తాటివనం, తుమ్మ, జమ్మి ఉండేవి, కింద పని నడిచేది. ఓసీ వస్తే పైనున్నదంతా ముందు పోతుంది. తీసిన మట్టి గుట్టలవుతుంది, ఆ గుట్టల మీద మొక్కలు పెడతారు. కొన్నేళ్లకు పచ్చగానే ఉంటాయి, కాదనలేం. అయితే పాలపిట్ట గూడు కొమ్మ మీద కట్టదు. ముసలిచెట్టు తొర్రలో, మోడువారిన తాటిమాను బొరియలో గుడ్లు పెడుతుంది. పదేళ్ల మొక్కకు తొర్ర ఉండదు. తొర్ర పడాలంటే చెట్టు ముసలిదవ్వాలి, కొంత చావాలి, దాన్ని అలా ఎవరూ కొట్టకుండా వదిలేయాలి. మొక్కలు నాటిన లెక్కలో తొర్రల లెక్క ఉండదు.

విద్యుత్తు వద్దని నేననను. ఈ వ్యాసం టైపు చేస్తున్న ల్యాప్‌టాప్ కూడా ఆ బొగ్గు మీదే నడుస్తోంది. నేను చదవమంటున్నది ఒక పాఠాన్ని. ఓసీ కోసం తయారుచేసే పర్యావరణ ప్రభావ నివేదికల్లో ఆ ప్రాంతపు పక్షుల పట్టిక ఉండటం మామూలు. తెలుగు పేరో ఇంగ్లీషు పేరో, శాస్త్రీయ నామం, చట్టంలో ఏ షెడ్యూలు. కాకి, గోరింక, కొంగ, పావురం, వాటి మధ్య పాలపిట్ట. రాష్ట్రం తన గెలుపుకు గుర్తుగా పెట్టుకున్న పక్షి అక్కడ ఒక వరుస సంఖ్య. ప్రజాభిప్రాయ సేకరణ జరిగే టెంటులో ఎవరికీ ఆ పట్టిక చదివి వినిపించరు. నౌకరీ ఎన్ని, ఎకరానికి ఎంత అన్నదే మాట, అది న్యాయమే. కానీ ఎవరైనా ఒకరు లేచి, మైకు తీసుకుని, ఇరవై ఏడో నంబరో ముప్పయ్యో నంబరో చూపించి, ఈ పిట్ట గూడు ఎక్కడ పెడుతుందో మీ కాగితాల్లో రాశారా అని అడగాలి. హెరాల్డ్రీ పుస్తకాల్లో దొరకని అర్థం ఆ జవాబులో దొరుకుతుంది.